స్కూలు వాళ్లు ఫోన్ నాకే చేశారు

పోయిన నెల పాపకి జ్వరమొస్తే స్కూలు వాళ్లు నాకే ఫోన్ చేశారు. అడ్మిషన్ ఫారంలో మొదటి నంబరు మా ఆయనది, నాది రెండోది. ఆయన ఆఫీసు స్కూలుకి పది నిమిషాల దూరం, నేనేమో ఊరికి ఆ చివర మీటింగ్‌లో ఉన్నాను. చెప్తే వెంటనే వెళ్లేవారే, అందులో సందేహం లేదు. కానీ ఆయనకి చేయాలని స్కూల్లో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు, ఆటోలో సగం దారి వెళ్లాక గానీ గుర్తు రాలేదు.

ఇప్పుడు ఆంధ్రలో ఎవరైనా "ఇంకొకరిని కనండి" అంటే నాకు ఆ ఆటోనే గుర్తొస్తోంది.

జనాభా తగ్గిపోతుందన్న భయం ఉత్తిదేం కాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలని తేలింది, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. అందుకే ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న 1994 నాటి నిబంధనని 2024 నవంబరులో ఆంధ్ర అసెంబ్లీ తీసేసింది. మంచిదే. కానీ ఆ 1.7 ఎలా వచ్చిందో కూడా చూడాలి కదా. అదే సర్వేలో మన దగ్గర పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, మగవాళ్ల ఆపరేషన్లు ఒక శాతం కూడా లేవు. మా పిన్నికి రెండో కాన్పు అయిన వెంటనే చేయించేశారు, అప్పటికి ఆవిడ వయసు ఇరవై మూడు. బాబాయిని చేయించుకోమని ఎవరూ అడగనేలేదు.

2017 నుంచి ఉద్యోగం చేసే తల్లికి మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో సెలవు ఉంది. నేనూ వాడుకున్నాను, అది లేకపోతే ఉద్యోగం మానేసేదాన్ని. కాకపోతే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) లేని నాలాంటి వాళ్లకి ఆ జీతమంతా కంపెనీయే కట్టుకోవాలి, ప్రైవేటులో పనిచేసే తండ్రికేమో చట్టం ప్రకారం ఒక్క రోజు సెలవు కూడా లేదు. అందుకే ఇంటర్వ్యూలో "ఇప్పట్లో పిల్లల ప్లాన్ ఉందా" అని నన్ను అడిగారు. మా ఆయన్ని ఇంతవరకు ఏ ఇంటర్వ్యూలోనూ అడగలేదు.

స్వీడన్‌లో 1974 నుంచే ఆ సెలవు తల్లిదండ్రులిద్దరిదీ. ఇప్పుడు 480 రోజులిస్తారు, అందులో ఒక్కొక్కరికి 90 రోజులు విడిగా ఉంటాయి, తండ్రి వాడుకోకపోతే అవి పోయినట్టే. డబ్బు కంపెనీ కాదు, ప్రభుత్వ బీమా ఇస్తుంది. అయినా ఈ మధ్య అక్కడా ఒక్కో స్త్రీకి పిల్లల సగటు 1.5 కిందికి పడింది, కాబట్టి సెలవులిస్తే చాలు, పిల్లలు పుట్టేస్తారని నేను అనను. దక్షిణ కొరియా పిల్లల్ని కనమని ఏళ్ల తరబడి డబ్బు గుమ్మరించింది, కానీ ఆఫీసు గంటలూ ఇంటి చాకిరీ ఎవరిదన్నదీ పెద్దగా మారలేదు, 2023లో అక్కడ ఆ సగటు 0.72కి దిగింది. మన దేశంలో 2024 లెక్కల ప్రకారం ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు పెట్టేది 88.

నిజం చెప్పాలంటే నాకు ఇంకో బిడ్డ కావాలనే ఉంది. "కనవే, నేను చూసుకుంటాగా" అంటుంది అమ్మ. ఆవిడకి అరవై నాలుగేళ్లు. పొద్దున పాపని స్కూలు వ్యాన్ ఎక్కించడానికి ఒక చేత్తో బ్యాగు పట్టుకుని, రెండో చెయ్యి గోడకి ఆనించి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి దిగుతుంది.