నూతి లెక్క

వంశధార మా ఊరి వీధుల్లోంచి వెనక్కి తగ్గి నేటికి నాలుగు రోజులు. గండం గడిచిందని అందరూ అనుకుంటున్నారు గానీ, ఒడిశాలోని కాశీనగర్ వైపు ఏటి ఒడ్డునే పుట్టి పెరిగిన నాకు మాత్రం వరదకంటె అది తీసిన తరువాతి పక్షం రోజుల మీదనే భయం ఎక్కువ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వెంట వచ్చిన నీరు తీసినప్పుడూ నాది ఇదే బెంగ.

పొద్దున్నే మా ఊరి ఆశా కార్యకర్త, ఒకప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లే, బ్లీచింగ్ పొడి, ఒడియాలో అచ్చయిన సూచనల కాగితం పట్టుకుని వచ్చింది. "మేష్టారూ, వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములని ఇందులో ఉంది. మన నూతిలో ఎన్ని వేల లీటర్లున్నాయో మీరే కట్టి చెప్పాలి" అన్నది. ముప్పై ఏళ్లు పిల్లల చేత స్తూపాల ఘనపరిమాణం కట్టించిన వాణ్ణి, రోజూ తాగే నూతిని ఒక్కసారైనా కొలవలేదు. తాడుకు రాయి కట్టి దించాము. వ్యాసం 2 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు. అంటే సుమారు 12,500 లీటర్లు, పొడి 31 గ్రాములు. కిరాణా కొట్టు త్రాసులో తూయించాము.

పొడిని నేరుగా నూతిలో కుమ్మరించకూడదని ఆమె గట్టిగా చెప్పింది. బాల్చీలో ముద్దగా కలిపి, నీరు పోసి, పది నిమిషాలు ఆగి, అడుగున పేరుకున్న సున్నపు మడ్డిని పారబోసి, పైనున్న తేటను మాత్రం మరో బాల్చీలోకి వంచి నూతిలోకి దించి, నీటిలో పైకీ కిందికీ ఆడించింది. గంట తరువాత పరీక్ష గొట్టంలో నూతి నీరు పట్టి మందు చుక్కలు వేస్తే, పొడిలోని క్లోరిన్ మిగిలి ఉంటే రావలసిన పసుపు రంగు రాలేదు. క్లోరిన్ లీటరుకు అర మిల్లీగ్రామైనా మిగలాలి. వరద బురద దాన్నంతటినీ తినేసింది. పైగా ఆ పొడి సంచి మూతి విప్పి ఎక్కడో వరండాలో రోజుల తరబడి పడి ఉన్నదట. గాలి తగిలిన పొడికి ఘాటు పోతుంది, పని చేయదు. వరద సాయమని బియ్యం, టార్పాలిన్లు లెక్కగా పంచిన వారికి ఆ సంచి మూతి కట్టాలని తోచకపోవడం నాకు మింగుడు పడలేదు. మళ్లీ అంతే మోతాదు వేస్తే మధ్యాహ్నానికి లేత పసుపు కనిపించింది.

ఈలోగా ఇద్దరు ఆడవాళ్లు మందు వాసనకు ముఖం చిట్లించి, బిందెలతో పొలం గట్టు నేలబావి దారి పట్టారు. వెళ్లి బతిమాలి తీసుకొచ్చాము. ఆ నేలబావి చుట్టూ ఎలుక బొరియలన్నీ మునిగాయి. ఎలుకల మూత్రం కలిసిన ఆ నీటిలో పగిలిన పాదాలతో దిగినా జ్వరం పట్టుకోవచ్చు. పక్క వీధిలో మనుమడికి విరేచనాలవుతుంటే నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుతాయని ఒక ముసలమ్మ గొంతు తడపనివ్వడం లేదు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఓఆర్ఎస్ పొట్లం మొత్తం కలిపి చెంచాతో పట్టించి, జింకు మాత్రలు పద్నాలుగు రోజులూ మానకుండా వేయమని చెప్పేసరికి పొద్దు వాలింది.

రేపు కొండవీధి నూతికి ఈ తాడు చాలదు. పొడుగుది ఇమ్మని పడవవాళ్లింట్లో ఇందాకే అడిగి వచ్చాను.