మొక్కజొన్న పొత్తుకు సరైన జోడీ ఊబె

నైజీరియా తూర్పు వైపు ఉద్యోగాలకి వెళ్ళే మనవాళ్ళకి ముందే చెబుతున్నా, వానలు పడే జూన్, జులై నెలల్లో రోడ్డు పక్కన బొగ్గుల మీద పొత్తులు కాల్చే ఆవిడ దగ్గర ఒక గంపలో ముదురు ఊదారంగు కాయలు కూడా ఉంటాయి, నేరేడు పళ్ళనుకుని అలాగే నోట్లో వేసుకోకండి. అక్కడి ఇగ్బో జాతివాళ్ళు దాన్ని ఊబె అంటారు, కామెరూన్‌లో ప్లం, గాబోన్‌లో అటాంగా, కాంగోల్లో సఫూ అంటారు. పచ్చిగా కొరికితే గట్టిగా, పుల్లగా, పైగా టర్పెంటైన్ వాసన!

దీన్ని పొయ్యి మీద పెట్టి ఎక్కువసేపు ఉడికించరు, పేస్టయిపోతుంది. మరిగిన నీళ్ళు దించి, అందులో కాయలు వేసి కాసేపు మూత పెడితే చాలు, లేదంటే వేడి బూడిదలో పెడతారు. అప్పుడు వేళ్ళతో నొక్కితే లేత ఆకుపచ్చ గుజ్జు వెన్నలా జారుతుంది, ఎందుకు జారదు, ఆ గుజ్జుని ఎండబెట్టి చూస్తే దాదాపు సగం నూనే. గుజ్జు మందం తక్కువ, గింజ పెద్దది, అదొక్కటే నాకు నచ్చనిది. కాస్త ఉప్పు చల్లుకుని పొత్తు ఒక కొరుకు, ఊబె ఒక కొరుకు. నిమ్మకాయ, ఉప్పూకారం రాసిన మన పొత్తు అంటే నాకు ప్రాణమే, అయినా నా ఓటు దీనికే.

చెట్టు అసలు అడవిదే, ఇప్పుడు ఇళ్ళ పెరళ్ళలో, కోకో తోటల్లో నీడ కోసం కూడా పెంచుతున్నారు. మన అడవుల్లో ఉండే అందుగు చెట్టు కుటుంబమే, అందుకే బెరడు మీద గాటు పెడితే జిగురు కారుతుంది.

పెంచేవాళ్ళకి అసలు టెన్షన్ వేరే. గింజ నాటి ఐదారేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, ఆగాక అది మగచెట్టని తేలొచ్చు, అంటే కాయలు అసలు ఉండవు, లేదా ఏవో నాలుగు. ఆడచెట్టయినా తల్లి కాయలంత పెద్దవి, అంత రుచిగా కాస్తుందన్న గ్యారంటీ లేదు. అందుకే 1990ల చివరి నుంచి కామెరూన్ పల్లెల్లో ప్రపంచ వ్యవసాయ అటవీ కేంద్రం వాళ్ళు రైతులకి గాలి అంట్లు కట్టడం నేర్పిస్తూ వచ్చారు. బాగా కాసే చెట్టు కొమ్మకి బెరడు చుట్టూ ఉంగరంలా ఒలిచి, తడి రంపపు పొట్టు లాంటిది పెట్టి, పాలిథిన్ కవరుతో బిగించి కడతారు, కొన్ని నెలలకి వేళ్ళు వచ్చాక కోసి నాటితే రెండు నుంచి నాలుగేళ్ళలో కాపు మొదలవుతుంది.

ఇంత చేసినా కోసిన రెండు మూడు రోజులకే కాయ మెత్తబడిపోతుంది, దూరం సంతకి వెళ్ళేలోపు గంపలో అడుగువన్నీ నుజ్జు.

గింజ తెమ్మని నన్ను అడిగినవాళ్ళున్నారు. అది ఎండితే మొలవదు, పండు నుంచి తీసిన కొద్ది రోజుల్లోనే నాటాలి, పైగా పర్మిట్ లేకుండా విత్తనాలు మన దేశంలోకి తేకూడదు. కాబట్టి అక్కడే తినేసి రండి.