జెండా ముడి

2023 జనవరి 26 పొద్దున్న మా ఊరి హైస్కూల్లో జెండా తాడు నా ముందుకు చాపారు హెడ్మాస్టారు. "ఆయ్, మీరే లాగాలండీ, ఈ బళ్ళో చదివిన మనిషి" అన్నారు. బల్లలకి కాస్త డబ్బు ఇచ్చానని ఆ మర్యాద. నా చెయ్యి తాడు మీదకి పోలేదు. అప్పటికి నేను అమెరికా పౌరురాలిని.

కోనసీమలో అంబాజీపేట దగ్గర మాది. 2001లో పెళ్ళై అమెరికా వెళ్ళాను. వెళ్ళిన నెలకే జులై 4 వచ్చింది. 1776లో వాళ్ళు స్వాతంత్ర్యం ప్రకటించుకున్న రోజు. సాయంత్రానికి ఊరు ఊరంతా మడత కుర్చీలు పట్టుకుని చెరువుగట్టుకి చేరింది. ఉపన్యాసాల్లేవు, వరసల్లో నిలబడ్డం లేదు. గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని, నిప్పుల మీద కాల్చుకున్నవి తింటూ చీకటి పడేదాకా కూర్చున్నారు. పక్కింటి పెద్దావిడ నా చేతిలో చిన్న జెండా పెట్టింది. ఆకాశంలో మతాబులు విచ్చుకుంటుంటే వాళ్ళ ముఖాలే చూశాను. మనకి తీర్థంలో కనిపించే సంబరం అది. పండగ బాగుంది, కానీ నాది కాదనిపించింది.

పదేళ్ళకి నేనూ అక్కడి పౌరసత్వ ప్రమాణం చేశాను. ఇంతకు ముందు పౌరురాలిగా ఉన్న దేశం మీద విధేయతను పూర్తిగా వదులుకుంటున్నానని అందులో ఒక మాట ఉంటుంది. చుట్టూ అందరూ అంటున్నారు, నేనూ అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి పాత పాస్‌పోర్టు అప్పగించి, వేరే దేశపు పౌరులైన మనవాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకున్నాను.

2021లో అమ్మని చూసుకోవడానికి వచ్చేశాను. ఓసీఐతో ఎన్నేళ్ళైనా ఉండొచ్చు. ఓటుండదు. వ్యవసాయ భూమి కొనకూడదు. మా దొడ్డిని ఆనుకున్న కొబ్బరితోట అమ్మకానికి వస్తే, వారసత్వంగా రావలసిందే తప్ప కొనే హక్కు నాకు లేదని అప్పుడే తెలిసింది. చిన్నప్పుడు ఆ తోటలోనే కొబ్బరిపువ్వు కోసం కొట్టుకునేవాళ్ళం.

ఆ జనవరి 26న తాడు మా బడి ఆయమ్మ చేతికిమ్మన్నాను. ముప్ఫై ఏళ్ళుగా జెండా కట్టేది ఆవిడే. ఆవిడ ఒక్క లాగు లాగింది, ముడి విడి బంతి రేకులు పిల్లల నెత్తిన రాలాయి. జనగణమన నేనూ పాడాను. ప్రతి మాటా వచ్చు, గొంతే రాలేదు. ఇంటికొచ్చేసరికి అమ్మ టీవీ ముందుంది. ఢిల్లీ పెరేడ్‌లో ఆ ఏడు మన రాష్ట్ర శకటం ప్రభల తీర్థమే, వెదురు చట్రాలకి రంగుబట్టలు కట్టి దేవుళ్ళని భుజాల మీద మోసుకొచ్చే మా జాతర. పది రోజుల కింద, కనుమ నాడు జగ్గన్నతోటలో చూసొచ్చిన ప్రభలు! "మన ప్రభలే, చూడవే!" అని అమ్మ నా భుజం పట్టి ఊపింది. ఆ "మన" దగ్గరే నిశ్చయించుకున్నాను.

ఓసీఐ తీసుకుని అయిదేళ్ళు నిండి, దరఖాస్తుకి ముందు పన్నెండు నెలలు ఇక్కడే ఉంటే భారత పౌరసత్వానికి అడగొచ్చు. ఆన్‌లైన్‌లో నింపి, కాగితాలు అమలాపురం కలెక్టరేట్‌లో ఇచ్చాను. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి పేరు, అమెరికా కాగితాల్లో అత్తింటి పేరు. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్లు కట్టడానికే చాలా తిరిగాను. విచారణకి వచ్చిన కానిస్టేబులు మా పెద్దమ్మని "ఈవిడ మీకు తెలుసాండీ?" అని అడిగితే, "దీని బొడ్డు కోసింది నా ముందేనయ్యా" అంది. 2024 మే 13న మా బళ్ళోనే పోలింగు. అమ్మని బూత్ దాకా చెయ్యి పట్టి తీసుకెళ్ళి, నేను వరండాలో ఆగిపోయాను.

అన్నిటికన్నా కష్టం చివర్లో వచ్చింది. ఇక్కడ ఒప్పుకున్నాం అని ఉత్తరం వచ్చాక, అమెరికా పౌరసత్వం వదిలినట్టు రుజువివ్వాలి. అమ్మాయి అక్కడ చదువుతోంది గనక మా ఆయన తన పాస్‌పోర్టు అలాగే ఉంచుకున్నారు. కాన్సులేట్‌కి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ దేశం నాకు అన్నం పెట్టింది, కూతుర్నిచ్చింది. సంతకం పెడుతుంటే పక్కింటి పెద్దావిడ, ఆ చిన్న జెండా కళ్ళముందు మెదిలాయి. ఏడ్చాను. అక్కణ్ణుంచి కాగితం వచ్చి, ఇక్కడి సర్టిఫికెట్ చేతికందేదాకా ఏ దేశపు పాస్‌పోర్టూ లేకుండా ఉన్నాను. ఆ రోజుల్లో అమ్మకి జ్వరమొచ్చినా, ఫోను మోగినా గుండె జారిపోయేది.

2025 వేసవిలో రాజ్యాంగానికి విధేయురాలిగా ఉంటానని ప్రమాణం చేశాను. ఈసారి దేన్నీ వదులుకుంటున్నానని అనక్కర్లేకపోయింది.

ఆగస్టు 15న తెల్లవారకముందే బడికి వెళ్ళాను. వాన పడి వెలిసింది, గ్రౌండంతా బురద. ఆయమ్మ నాకు జెండా మడత నేర్పింది: పొడుగ్గా మడవాలి, రేకులు మధ్యలో పొయ్యాలి, చివర జారుముడి వెయ్యాలి. గట్టిగా బిగిస్తే పైకెళ్ళాక విడదు, వదులైతే మధ్యలోనే రాలిపోతాయి. జనవరి 26న జెండా ముందే పైన కట్టి ఉంటుంది, విప్పడమే. ఆగస్టు 15న కింది నుంచి పైకి లాగాలి. నా ముడి రెండుసార్లు విప్పించింది.

"కాషాయం పైకొచ్చేలా పట్టుకోమ్మా" అంది.

మూడోసారి వేసిన ముడి నిలిచింది.