పరిధి కాదట

పదకొండు కావస్తోంది. మామయ్యగారి దగ్గు ఇప్పుడే సర్దుకుంది. చిన్నోడు చదువుతూ చదువుతూ పుస్తకం మీదే నిద్రపోయాడు. నాకే నిద్ర పట్టడం లేదు. సాయంత్రం ఆ అబ్బాయి అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"అది మన పరిధి కాదు కదండీ పిన్నిగారూ."

పంచాయతీ ఎన్నికల తేదీ ఇంకా తేలనే లేదు, అప్పుడే తిరగడం మొదలుపెట్టారు. నలుగురు వచ్చారు. అందులో మాట్లాడినవాడు మనవాడే, రామాలయం వెనక వీధిలో ఉంటారు. చిన్నప్పుడు మా జామచెట్టు ఎక్కి చెయ్యి విరగ్గొట్టుకున్నవాడు. కాగితం చేతిలో పెట్టాడు. ఊరి మొదట్లో ఆర్చి, అన్ని స్తంభాలకీ ఎల్ఈడీ దీపాలు, శ్మశానానికి ప్రహరీ, మిగిలిన రెండు వీధులకి సిమెంటు రోడ్డు. నేను కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను. డ్రెయిను మాట లేదు. "మరి డ్రెయిను తలుపుల సంగతేంటి బాబూ, పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు మన బోదెల దాకా ఎగదన్నుతోంది కదా" అన్నాను. దానికి వచ్చిన జవాబు అదీ. అది ఇరిగేషన్ వాళ్లదట. సముద్రం ఏమో ఢిల్లీ వాళ్లదట. చెప్పి, వరండాలోకి తొంగి చూస్తూ వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. "మీ ఇంట్లో నాలుగు ఓట్లు కదండీ?"

నాలుగు ఓట్లు మాత్రం వాళ్ల పరిధిలోకి వస్తాయి.

వాళ్లు వెళ్లిన తర్వాత దొడ్లోకి వెళ్లి నిలబడ్డాను. పడమటి గట్టు మీద వరసలో ఇప్పుడు మూడు కొబ్బరిచెట్లకి మొవ్వు లేదు. పోయినేడాది ఒకటే. ముందు కింది మట్టలు పసుపెక్కాయి, తర్వాత కాయ చిన్నదైపోయింది, తర్వాత పూత నిలవడం మానేసింది. దింపుకి వచ్చే అతను పైకెక్కకుండానే కింద నుంచి చూసి తల అడ్డంగా ఊపాడు. ఎక్కితే విరుగుతుందని భయం. మన కోనసీమలోనే కేశనపల్లి వైపు శంకరగుప్తం డ్రెయిన్ పక్కన ఉన్న తోటలు చూసినవాళ్లకి ఇదంతా నేను చెప్పక్కర్లేదు. అక్కడ తలలు లేని మానులు వరసలు వరసలుగా నిలబడి ఉంటాయి. మన దగ్గర మూడే కదా అని సర్దుకోవాలా? అక్కడా మూడుతోనే మొదలై ఉంటుంది.

కొబ్బరిచెట్టు ఇంటికి పెద్దకొడుకు అంటారు మన వైపు. నేను ఆ పెద్దకొడుకులు ఒక్క రాత్రిలో పడిపోవడం చూశాను.

1996 నవంబరు 6. నాకు పన్నెండేళ్లు. అమ్మమ్మగారి ఊళ్లో ఉన్నాను, ముమ్మిడివరం దాటాక. మధ్యాహ్నం నుంచీ ముసురు. సాయంత్రానికి గాలి పెరిగింది. దీపాలు పెట్టే వేళకి పెంకులు ఒకటొకటిగా లేచిపోతున్నాయి. తాతయ్య అందర్నీ పక్కవాళ్ల డాబాలోకి తీసుకెళ్లారు. ఒక గదిలో ఇరవై మందిమి. తలుపుకి అడ్డంగా వడ్ల బస్తాలు పెట్టి, వాటి మీద మగవాళ్లు కూర్చున్నారు. బయట చెట్లు పడుతున్న చప్పుడు మొదట్లో విడివిడిగా వినపడింది. తర్వాత విడివిడిగా లేదు. అమ్మమ్మ నా చెవులు మూసి ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ చేతులు వణుకుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది.

తెల్లారి తలుపు తీస్తే ఆకాశం ఎక్కువైపోయింది. ఇంకోలా ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఎప్పుడూ మట్టల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా కనపడే ఆకాశం మొత్తం ఒకేసారి మీదకి వచ్చేసింది. చెట్లన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. నేలంతా బొండాలు. ఒక్క కాకి అరుపు లేదు. బావిలో నీళ్లు చెడిపోయాయి, వారం రోజులు ఆ బొండాల నీళ్లే తాగాం. తాతయ్య పడిపోయిన ఒక మాను మీద కూర్చుని పైకి లెక్కపెడుతున్నారు, నలభై దాకా వెళ్లడం, మళ్లీ మొదటినుంచి. రెండు రోజుల తర్వాత భైరవపాలెం కబుర్లు వచ్చాయి. వేటకి వెళ్లిన పడవలు తిరిగి రాలేదని. ఆ తుఫానులో పోయినవాళ్లు వెయ్యి మంది పైనే.

అప్పుడు అందరూ వచ్చారు. బియ్యం వచ్చాయి, కిరసనాయిలు వచ్చింది, ఫోటోలు తీశారు, చెట్టుకింత అని రాసుకున్నారు. వచ్చినవాళ్లు తాతయ్య పక్కన ఆ మాను మీదే కూర్చున్నారు. మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కూడా వచ్చారు. గాలికి పడితే వస్తారు. ఉప్పుకి నిలువునా ఎండిపోతే ఎవరూ రారు. చెట్టు పడలేదు కదా అంటారు. మూడేళ్లు పట్టే చావుకి తేదీ ఉండదు, తేదీ లేకపోతే నష్టం రాసే కాగితంలో ఏ గడిలో రాయాలో వాళ్లకి తెలియదు. సాయంత్రం నుంచీ నాకు కోపం తెప్పిస్తున్నది ఇదేనేమో, ఆ అబ్బాయి కాదు.

పెద్దమ్మాయికి ఫోన్ చేసి చెప్పుకున్నాను. అది గ్రూప్ 2 పుస్తకాల్లో మునిగి ఉంది, అయినా విసుక్కోకుండా వింది. "పరిధి కాదు అన్నాడా? పదకొండో షెడ్యూలు చూడమను అమ్మా" అంది. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణలో పంచాయతీలకి అప్పగించదగ్గ అంశాలని 29 రాశారట. వాటిలో భూసార సంరక్షణ ఉంది, చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం ఉంది, తాగునీరు ఉంది. పెద్ద డ్రెయిను పంచాయతీది కాకపోవచ్చు. కానీ గ్రామసభలో తీర్మానం చేసి పైకి పంపడానికి ఎవరు అడ్డొచ్చారు? ఇంకోటి కూడా చెప్పింది. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు చేసే చెరుపు నుంచి రక్షణ పొందడం కూడా మన హక్కేనని, 14, 21 అధికరణాల కిందకి వస్తుందని తీర్పు ఇచ్చిందట. రాజస్థాన్, గుజరాత్ వైపు కరెంటు తీగలకి తగిలి చచ్చిపోతున్న బట్టమేక పిట్ట కోసం వేసిన కేసు అది. ఎక్కడో పిట్ట కోసం వేసిన కేసులో ఇక్కడ నా చెట్టుకి ఒక మాట దొరికిందని చాలా సంతోషం వేసింది. కాసేపే.

ఎందుకంటే ఆ తర్వాత మనసు ఇంకో వైపుకి తిరిగింది.

సముద్రం పెరగడంలో మా ఊరి వాటా ఎంత? నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి, మంచు కరిగి వచ్చి కలుస్తుంది. 1901 నుంచి 2018 లోపు ప్రపంచమంతా సగటున సముద్రమట్టం 20 సెంటీమీటర్లు పెరిగిందని లెక్క. పైన ఆనకట్టలు ఒండ్రుని ఆపేస్తే డెల్టాకి కొత్త మట్టి రాదు. మన కాళ్ల కింద నుంచి గ్యాసు తోడుకుపోయి ఎక్కడెక్కడో మండించారు, అలాంటి పొగలతోనే భూమి వేడెక్కింది. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి 65 రోజులు మండినప్పుడు రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉండేదని మా ఆయన ఇప్పటికీ చెప్తారు. మండించింది ఒకరు, ఉప్పు తింటున్నది ఇంకొకరు. ఇది అన్యాయం, ఇందులో నాకు సందేహం లేదు.

కానీ మా రెండెకరాల మాటేంటి? 2011 సార్వాకి కోనసీమలో క్రాప్ హాలిడే అన్నప్పుడు మేమూ నాట్లు వేయలేదు. గిట్టుబాటు లేదు, మురుగు దిగదు. తర్వాత రెండేళ్లకి రొయ్యల చెరువుకి లీజుకి ఇచ్చాం. ఆ ఉప్పు పక్క చేలోకి ఊటగా వెళ్లిందని మాకు తెలుసు. ఆ చేను కౌలుకి చేసిన అన్నయ్యగారు ఇప్పుడు హైదరాబాదులో అపార్ట్‌మెంటు వాచ్‌మన్, వదినగారు కువైట్‌లో ఇంటిపని. ఆవిడ వెళ్లేముందు వచ్చి నాకు కరివేపాకు మొక్క ఇచ్చి వెళ్లింది. ఒక్క మాట అనలేదు. 1996లోనే, తుఫాను వచ్చిన నెల తర్వాత, డిసెంబరు 11న సుప్రీంకోర్టు, సముద్రం ఒడ్డున హద్దు గీసిన తీర నియంత్రణ మండలంలో (సీఆర్‌జెడ్) ఇలాంటి చెరువులు తవ్వకూడదని చెప్పింది. 2005లో వేరే చట్టం తెచ్చి దారి ఇచ్చారు. మా పొలం ఆ మండలంలోకి రాదని మా ఆయన అంటారు. రాకపోవచ్చు. ఊట ఆ గీత చూసుకుని ఆగలేదు. పెద్దమ్మాయి కోచింగు ఫీజు ఆ లీజు డబ్బులే. పదకొండో షెడ్యూలు నాకు చదివి వినిపించింది ఆ ఫీజే.

సాయంత్రం దాకా నోటాకి వేసేద్దాం అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. 2024 మే 13న మండుటెండలో రెండు గంటలు లైన్లో నిలబడి మామయ్యగారు చెప్పినట్టే వేసి వచ్చాను. ఎవరినీ ఏమీ అడగలేదు. పోయినసారి పంచాయతీకి అడిగింది మా వీధి సిమెంటు రోడ్డు, వేశారు. అడిగినదే ఇచ్చారు. కాగితం మీద డ్రెయిను లేదంటే, వాళ్లని అది అడిగిన ఇల్లు ఒక్కటీ లేదన్నమాట. అందులో మా ఇల్లూ ఉంది.

మంచినీళ్ల టిన్ను కోసం రోజూ డబ్బులు పెడుతున్న ఇళ్లే మా వీధిలో పదహారు. బోరు తిప్పితే ఉప్పు, బట్టలకి సబ్బు నురగ రాదు. కాలువగట్టు మీద ఉన్నవాళ్లు టిన్ను కొనలేక ఆ నీళ్లే తాగుతున్నారు. వాళ్లలో ఇద్దరు రేపు మా ఇంటికి కొబ్బరి డొక్కలకి వస్తారు. ముందు వాళ్లతో మాట్లాడాలి. అందరం కలిసి ఒకే కాగితం రాసి, ఓటుకి ఎవరొచ్చినా అదే చేతిలో పెడితే? తలుపులు బాగుచేయించమని తీర్మానం చేస్తారా, కొత్త చెరువులకి గ్రామసభలో ఒప్పుకోం అంటారా, గట్టు మీద వాళ్లకి మంచినీటి కుళాయి ముందు వేస్తారా. రెండో ప్రశ్న రాయాలంటే ముందు మా లీజు సంగతి తేలాలి. ఉగాదికి గడువు అయిపోతుంది. మా ఆయనతో ఇంకా అనలేదు. అంటే ఏమంటారో తెలుసు, ఫీజు ఎవరు కడతారు అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. గాజులు గుర్తొచ్చాయి, మళ్లీ అమ్మాయి పెళ్లి గుర్తొచ్చింది.

ఎల్లుండి అమావాస్య. పోటు బాగా ఉంటుంది. డ్రెయిను తలుపుల దగ్గరికి చిన్నోడిని తీసుకెళ్లి, నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయో గోడ మీద గీత గీయించాలి. తేదీ కూడా రాయించాలి. గేటుకి వేసిన పచ్చరంగు డబ్బాలో అడుగున కొంచెం మిగిలినట్టుంది, ఎండిపోయిందేమో పొద్దున్నే చూడాలి.