రోజూ దాల్చిన చెక్క నీళ్లు తాగుతుంటే, ముందు అది ఏ చెక్కో చూడండి

షుగర్ అదుపులోకి వస్తుందని పరగడుపున దాల్చిన చెక్క నీళ్లు తాగే ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. బిర్యానీలో, మసాలా కూరలో పడే చెక్క గురించి బెంగ అక్కర్లేదు. నాలుగు ముక్కలు వేసినా అది పదిమందికి పంచుకుంటుంది, పైగా ముక్కని కంచం అంచున పెట్టేస్తాం. కానీ అదే చెక్కను పొడి కొట్టి ఏళ్ల తరబడి రోజూ మింగితే లెక్క మారుతుంది.

కిరాణా కొట్లో చెక్క, పట్టా అని అడిగితే ఇచ్చేది చాలావరకు కాసియా. చైనా, వియత్నాం, ఇండోనేషియాల నుంచి దిగుమతి అవుతుంది. మందంగా, ఎర్రటి గోధుమ రంగులో, ఒకే పొరగా ముడుచుకుని ఉంటుంది. విరిస్తే టప్పుమంటుంది, ఇంట్లో మిక్సీ దాన్ని మెత్తగా చేయడానికి మొరాయిస్తుంది. శ్రీలంక నుంచి వచ్చే సిలోన్ చెక్క తీరే వేరు. కొనను చూస్తే పొగాకు చుట్టలో ఆకుల్లాగా పలచటి పొరలు ఒకదాంట్లో ఒకటి చుట్టుకుని కనిపిస్తాయి. రంగు లేతగా ఉంటుంది, వేళ్లతో నలిపితే రాలిపోతుంది. ఘాటు తక్కువని దీన్ని నకిలీ అనుకుంటారు. ఘాటు తక్కువగా ఉండటం దాని గుణమే. ధర మాత్రం కాసియాకి కొన్ని రెట్లు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, కాసియాలో కూమరిన్ అనే సహజ పదార్థం ఎక్కువ. సిలోన్‌లో దాదాపు లెక్కలోకి రానంత. కూమరిన్ కొందరిలో కాలేయాన్ని దెబ్బతీస్తుంది. రక్తాన్ని పలచన చేసేది ఇదేనని చాలామంది అంటారు గానీ, ఆ పని చేసేది దీనికి రసాయనికంగా దగ్గరైన వార్ఫరిన్ లాంటి మందులు. కూమరిన్‌తో అసలు చిక్కు కాలేయానికే.

యూరప్ ఆహార భద్రతా సంస్థ జీవితాంతం రోజూ తీసుకోదగ్గ కూమరిన్ పరిమితిని కిలో శరీర బరువుకి 0.1 మిల్లీగ్రాములుగా పెట్టింది. 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు. కాసియాలో సగటున గ్రాముకి 3 మిల్లీగ్రాములు ఉంటుందని లెక్కేస్తే రోజుకి 2 గ్రాముల పొడితోనే ఆ హద్దు చేరిపోతాం. అంచుకు సరిగ్గా గీసిన ఒక టీస్పూన్ పొడి సుమారు 2.6 గ్రాములు, గోపురంగా తీస్తే ఇంకా ఎక్కువ. 15 కిలోల పిల్లలకైతే హద్దు అర గ్రాము. పండగ రోజు ఒకసారి దాటినంత మాత్రాన ఏమీ కాదు, అది ఏళ్ల తరబడి వాడకానికి పెట్టిన పరిమితి. అమెరికాలో ఉండే మనవాళ్లు ఇంకో సంగతి గమనించాలి: సైగాన్ సినమన్ పేరుతో అమ్మే వియత్నాం రకంలో కూమరిన్ బాగా ఎక్కువ.

తూకం లేకపోతే ఒక సులువు ఉంది. 50 గ్రాముల పొడి ప్యాకెట్ ఒక్కరికే 25 రోజుల్లో ఖాళీ అయితే మీ వాడకం రోజుకి 2 గ్రాములు. చెక్కని మరిగించి వడకట్టుకుంటే కూమరిన్ రాదనుకోకండి, వేడినీళ్లలోకి అది దిగుతుంది.

మరి ఫలితం సంగతి? 2003లో పాకిస్తాన్‌లో 60 మందిపై చేసిన అధ్యయనంలో రోజుకి 1 నుంచి 6 గ్రాములు 40 రోజులు ఇస్తే పరగడుపు షుగర్ బాగా తగ్గింది. ఈ ప్రచారమంతా చాలావరకు అక్కడ మొదలైందే. 2012లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 10 ప్రయోగాలను కలిపి చూసి, షుగర్‌కి దీన్ని సిఫారసు చేయడానికి ఆధారాలు చాలవని తేల్చింది. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీలో కచ్చితమైన తగ్గుదల కనబడలేదు. కాబట్టి చెక్క నీళ్లు తాగుతున్నామని మెట్‌ఫార్మిన్ లాంటి షుగర్ మాత్రలు మానేయడం పెద్ద పొరపాటు. గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు పొడి మొదలుపెడితే కొన్నాళ్లు గ్లూకోమీటర్‌తో తరచూ చూసుకోండి, షుగర్ మరీ పడిపోయే అవకాశం ఉంది.

ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లు, టీబీ మందులు లేదా కీళ్లవాతం లాంటి వాటికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు, రోజూ మద్యం తీసుకునేవాళ్లు కాసియా పొడి జోలికి పోకపోవడమే మేలు. వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా మొదలుపెట్టకూడదు. గర్భిణులు వంటలో వేసే మోతాదు దాటొద్దు. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆ పూటే ఆపేసి కాలేయం దెబ్బతిందా అని చూపే ఎస్‌జీపీటీ రక్తపరీక్ష చేయించుకోండి. డాక్టర్ ఏమేం వాడుతున్నారని అడిగితే చెక్క పొడి కూడా చెప్పండి. అది వంటింటి సరుకేగా అని చాలామంది చెప్పరు.

రోజూ తాగాలనే ఉంటే సిలోన్ చెక్క కొనండి. పొడిగా వద్దు, చుట్టలుగానే. పొడిలో ఏది కలిసిందో కంటికి తెలియదు. 2023లో అమెరికాలో పిల్లల యాపిల్ గుజ్జు ప్యాకెట్లలో సీసం బయటపడింది అందులో కలిపిన దాల్చిన చెక్క పొడి నుంచే. తెచ్చిన చుట్టల్ని గాజు సీసాలో పెట్టి, వారానికి సరిపడా మాత్రమే పొడి చేసుకోండి. గ్లాసు అడుగున జిగురుగా మిగిలేది చూసి కల్తీ అని పారబోయకండి, చెక్కలో సహజంగా ఉండే బంకే అది. పొడిని పొడిగానే నోట్లో వేసుకోవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. నోట్లో పుళ్లు, మంట తరచూ వస్తుంటే కారణం చెక్కే కావచ్చు. రెండు వారాలు ఆపి చూడండి.