లీమా స్టేషన్ దగ్గర దొరికిన చేదు

మిలాన్‌లో నాలుగు రోజులున్నాం. డుయోమో చర్చి, గలేరియా అందరూ చూసేవే, నేనూ చూశాను. చెప్పాలనుంది మాత్రం నెగ్రోని అనే కాక్‌టెయిల్ గురించి.

మొదటి సాయంత్రం డుయోమో పక్క సందులో ఒకచోట తాగాను. గ్లాసు 18 యూరోలు. నిండా చిన్న చిన్న ఐసు ముక్కలు, సగం తాగేలోపు ఎర్రనీళ్లే మిగిలాయి. జిన్, కంపారి (ఎర్రటి చేదు మద్యం), తీపి వెర్మూత్ (మూలికలు వేసిన వైన్), తలా 30 మి.లీ. మూడే సరుకులు, వాటినీ పాడుచేస్తే ఎలా? ఒళ్లు మండిపోయింది.

మర్నాడు మా పెదనాన్న కొడుకు (అక్కడే ఉద్యోగం) "ఏడ్చినట్టుంది, నాతో రారా" అని మెట్రో ఎర్ర లైన్లో లీమా దాకా తీసుకెళ్లాడు. అక్కణ్ణుంచి నడిచి వియా ప్లినియోలో ఉన్న బార్ బాస్సోకి. 1972లో బార్ యజమాని మిర్కో స్టొకెట్టో ఇక్కడే నెగ్రోనిలో జిన్ పోయబోయి నురగ వైన్ పోశాడట. దాని పేరు స్బాలియాతో, అంటే పొరపాటు పడినది. గ్లాసు చిన్న బిందెంత ఉంది, లోపల ఒకటే ఐసు దిమ్మ. ముందు నారింజ వాసన, తర్వాత తీపి, చేదు అన్నిటికంటే చివర్న, నాలుక మొదట్లో తగిలింది. ఉసిరికాయ కొరికి నీళ్లు తాగితే ఆఖర్న తీపి వస్తుంది కదా, ఇది దానికి తిరగేసిన వరస. చాలాసేపు మాట్లాడలేదు నేను.

ఆ రాత్రే అన్నయ్య వంటింట్లో మొదలుపెట్టాం. కొలత గ్లాసు లేదు. దగ్గుమందు సీసా మూత మీద 10 మి.లీ. గీత ఉంది, మూడు మూతలు ఒక వంతు. జిన్ బదులు బూర్బన్ (అమెరికా విస్కీ) పోస్తే బులేవార్దియే, కానీ సమపాళ్లలో చేదు విస్కీని మింగేసింది. మూతన్నర బూర్బన్ పెంచాక కుదిరింది. జిన్ తీసేసి సోడా పోస్తే అమెరికానో. నెగ్రోని పుట్టింది దీన్నుంచే అంటారు, 1919 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో. పలచగా, హాయిగా ఉంది, మధ్యాహ్నం ఎండలో తాగాల్సింది. ఒక్క సరుకు మార్చిన ప్రతిసారీ మిగతా రెండూ కొత్తగా తెలిశాయి, వెర్మూత్‌లో మూలికల వాసనైతే అమెరికానోలోనే మొదటిసారి పట్టుకున్నాను.

రమ్‌తో చేద్దామనుకున్నాం, కొట్లు మూసేశారు. నేనొచ్చేసిన వారానికి అన్నయ్య ఫోటో పంపాడు. "రమ్‌కి కంపారి ఇంకో అరమూత పడాలిరా."