ఫీల్డ్ ట్రిప్ దాకా వచ్చి ఆగిపోయే పిల్లలు

నేను జియాలజీ, అంటే రాళ్ళ చదువు చెప్తా. ఫీల్డ్ ట్రిప్ రెండు రోజులుందనగా ఒకమ్మాయి వచ్చి "ఒంట్లో బాలేదు మేడమ్, ఈసారికి రాలేను" అంది. క్లాసులో థిన్ సెక్షన్ (వెలుతురు దూరేంత పల్చగా అరగదీసిన రాతి ముక్క) పెడితే మైక్రోస్కోప్ వదలని పిల్ల, రాతిలోని ఖనిజాల్లో క్వార్ట్జ్‌కీ ఫెల్డ్‌స్పార్‌కీ తేడా అందరికన్నా ముందు పట్టేసేది. సరేలే రెస్ట్ తీస్కో అనేసి ఊరుకున్నా. ఆర్నెల్ల తర్వాత సబ్జెక్ట్ మార్చుకుంటున్నానని సంతకం కోసం వస్తే అప్పుడు కూర్చోబెట్టి అడిగా. జ్వరం లేదూ ఏం లేదు, లిస్టులో రాసిన బూట్లు కొనడానికి డబ్బుల్లేవంట, అడగడానికి మొహమాటమేసిందంట. ఆ లిస్టు తయారు చేసింది నేనే. ఇప్పటికీ గుర్తొస్తే మనసు పాడైపోతుంది.

బయటవాళ్ళకి ఇదేదో పిక్నిక్ లాంటిదనిపిస్తుంది గానీ మా చదువులో ఫీల్డే అసలు పరీక్ష. రాతి పొర ఏ దిక్కుకి ఎంత వాలిందో క్లినోమీటర్ పెట్టి కొలవడం, అలా వంద చోట్ల కొలిచి మ్యాప్ గీయడం, ఇవన్నీ అక్కడే వస్తాయి. ఇంకో సంగతి ఎవరూ పైకి చెప్పరు, రికమెండేషన్ లెటర్లు కూడా అక్కడే పుడతాయి. సాయంత్రం నోట్‌బుక్కులు ముందేసుకుని కూర్చున్నప్పుడు ఎవరు ఏం ప్రశ్న అడిగారో టీచర్లకి గుర్తుండిపోతుంది, తర్వాత ఇంటర్న్‌షిప్ ఉందంటే ఆ పేరే నోట్లోకొస్తుంది. రాని పిల్లకి పోయింది ఒక ట్రిప్పే అనుకుంటాం, ఆ తర్వాత రావాల్సినవన్నీ కూడా పోతాయి.

నా చదువప్పుడు బ్యాచ్‌లో నేనొక్కదాన్నే అమ్మాయిని. పొద్దున్నించీ నీళ్ళు తాగేదాన్ని కాదు, ఎందుకంటే కొండ మీద బాత్రూమ్ సంగతి అడిగే ధైర్యం లేదు, ఎండలో తల తిరిగి ఒకసారి కూర్చుండిపోయా కూడా. అందరూ నాకు ఓపిక లేదనుకున్నారు.

సముద్రం అడుగు మ్యాపులు గీసిన అమెరికా శాస్త్రవేత్త మేరీ థార్ప్ కథ పిల్లలకి తప్పకుండా చెప్తా. ఆడవాళ్ళని రీసెర్చ్ షిప్పుల్లోకి ఎక్కనివ్వని రోజులవి. మగవాళ్ళు సముద్రం మీద కొలిచి తెచ్చిన లోతులని ఆవిడ ఒడ్డున కూర్చుని బొమ్మగా గీస్తూ గీస్తూ, 1952లో అట్లాంటిక్ మధ్య పర్వతశ్రేణి నడుమ పొడవునా ఒక లోయ ఉందని పట్టుకుంది. కలిసి పనిచేసే బ్రూస్ హీజెన్ మొదట అదంతా ఆడపిల్లల కబుర్లు అని కొట్టిపారేశాడు. పక్క టేబుల్ మీద ఇంకొకాయన గీస్తున్న భూకంపాల మ్యాప్ తెచ్చి దాంతో పోల్చి చూస్తే, భూకంపాలు సరిగ్గా ఆ లోయ వెంబడే వరస కట్టి ఉన్నాయి, అప్పుడు గానీ నమ్మలేదు. ఇది చెప్పగానే పిల్లల కళ్ళు మెరుస్తాయి, నాకు మాత్రం ప్రతిసారీ ఒకటే దిగులు, అంత గట్టిగా నిలబడలేక మధ్యలోనే వెళ్ళిపోయినవాళ్ళ లోయలు ఎన్ని ఉన్నాయో కదా అని.

ఆడపిల్లల విషయంలో పరిస్థితి కొంత మెరుగైంది, కానీ ఒకరికి తలుపు తెరుచుకుంటే అందరికీ తెరుచుకున్నట్టు కాదు. అమెరికాలో భూశాస్త్రాల్లో పీహెచ్‌డీలు ఎవరికొస్తున్నాయో లెక్కలు తీసి 2018లో సైన్స్ పత్రిక నేచర్ జియోసైన్స్‌లో ఒక పేపర్ వేశారు. నలభై ఏళ్ళలో ఆడవాళ్ళ వాటా పెరిగింది, జాతిపరంగా మైనారిటీలైన వాళ్ళ వాటా మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. నలభై ఏళ్ళంటే ఒక మనిషి ఉద్యోగంలో చేరి రిటైరైపోయేంత కాలం.

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక మేం ఒక బీరువా పెట్టాం. బూట్లు, రెయిన్‌కోట్లు, హ్యాండ్ లెన్సులు, హామర్లు. కావాల్సినవాళ్ళు అడగండి అని పెడితే మొదటి ఏడాది ఎవ్వరూ అడగలేదు, అడగడమే అసలు కష్టమని అప్పటిగ్గానీ అర్థం కాలేదు, ఇప్పుడు క్లాసులో అందరి కాలి సైజూ రాసుకుని అందరికీ ఇచ్చేస్తాం, సొంతవి ఉన్నవాళ్ళు వద్దంటారు. బస్సు ఎక్కకముందే బాత్రూమ్‌కి ఎక్కడ ఆగుతామో, ఎంత దూరం నడవాలో కాగితం మీద రాసి ఇస్తాం. కొండ ఎక్కలేని పిల్లలుంటే రోడ్డు పక్కనే బయటపడిన రాతి పొరలు ఉన్నచోటు వెతుకుతాం, డ్రోన్ ఫొటోల మీద మ్యాపింగ్ చేయిస్తాం. అలా చేస్తే స్థాయి తగ్గిపోతుందని ఒకాయన గొడవపడ్డాడు. నేను ఒప్పుకోను, పొర ఎటు వాలిందో అర్థం చేసుకునేది బుర్ర కదా.

సెలవుల్లో జీతం లేని ఇంటర్న్‌షిప్పుల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్ల రెండు నెలలు ఊరికే ఎలా పనిచేస్తుంది? చిన్న మొత్తమైనా సరే, ఇవ్వాల్సిందే.

ఇంట్లోవాళ్ళతో మాట్లాడ్డం కూడా మా పనే అనుకుంటా. రాళ్ళ చదువుకి ఉద్యోగాలేం వస్తాయి అని అడిగితే తప్పేం లేదు, వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. భూగర్భజలాలు, కొండచరియలు, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపులు), రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాల ఫొటోలతో నేలని చదవడం), బ్యాటరీలకి కావాల్సిన లిథియం, ఇవన్నీ మావాళ్ళ పనులే అని విడమరిచి చెప్తే అరగంటలో మొహాలు మారిపోతాయి.

ఇలాంటి పిల్లలు వస్తే ప్రశ్నలు కూడా మారతాయి. మార్గరీట్ విలియమ్స్ 1942లో డాక్టరేట్ తీసుకుంది, అమెరికాలో జియాలజీలో ఆ పట్టా అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆవిడే. ఆవిడ ఎంచుకున్నది వాషింగ్టన్ లోంచి పారే అనకోస్టియా నదీ ప్రాంతంలో మట్టి కోత. అడవులు కొట్టడం, వ్యవసాయం, ఇళ్ళు కట్టడం వల్ల అక్కడి నేల ఎలా కొట్టుకుపోతోందో రాసింది.

వచ్చే నెల మళ్ళీ ట్రిప్ ఉంది. మా బీరువాలో చిన్న సైజు బూట్లు ఎప్పుడూ ముందే అయిపోతున్నాయి. మీ డిపార్ట్‌మెంట్లో ఇలాంటి బీరువా పెట్టాలనుకుంటే చిన్న సైజులు ఎక్కువ తీసుకోండి, పేర్లు రాసే రిజిస్టర్ మాత్రం పెట్టకండి.